కోచ్చూడామణీయం: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

అమెరికా కళాశాలల బాస్కెట్‌బాల్‌ను కంప్యూటర్ మీద నడిపించే ఆటలు కొన్ని ఉన్నాయి. వాటిలో పేరున్నది హూప్స్ డైనాస్టీ. ఆడేవాడికి బంతి ముట్టుకునే పని ఉండదు. అతడు కోచ్. మ్యాచ్ కంప్యూటరే ఆడేసి స్కోరు చూపిస్తుంది. కోచ్ గారి అసలు కార్యం వేరే ఉంది. చదువు ముగించి వెళ్ళిపోయే ఆటగాళ్ళ స్థానంలో ప్రతి సీజన్‌లో హైస్కూలు కుర్రాళ్ళను వెతికి, బతిమాలి, స్కాలర్‌షిప్పు ఆశ చూపి తన కళాశాలకు తెచ్చుకోవాలి. దాని పేరు రిక్రూటింగ్. జట్టుకు 12 మంది. ఆ 12 మంది కోసం పుట్టిన ఉపదేశ వాఙ్మయం 108 ఉపనిషత్తులనూ మించిపోయింది.

వాఙ్మయం పెరిగితే నాకు బాధ లేదు. బాధంతా దాని ధోరణితోనే. కొత్తగా చేరిన కోచ్ ఒకడు వినయంగా అడుగుతాడు: "అయ్యా, నాకు నలుగురు కుర్రాళ్ళు కావాలి. చేతిలో ఉన్న డబ్బు ఇంత. ఒక్కొక్కడి మీద ఎంత పెట్టవచ్చు? ఎంతమంది వెంట పడవచ్చు?" ఎన్నో సీజన్లు చూసిన పాతకాపు ఒకాయన ముందుకొచ్చి, గొంతు సవరించుకొని సెలవిస్తాడు: "దగ్గరివాళ్ళను చూడు నాయనా. ఓర్పు పట్టు. అయినా అదంతా సందర్భాన్ని బట్టి ఉంటుందిలే." వీడు అడిగింది అంకె. ఆయన ఇచ్చింది ఆప్తవాక్యం. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపుతారు. అడిగినవాడు కూడా దండం పెట్టి, అడగకముందు ఎంత తెలుసో అంతే తెలివితో వెళ్ళిపోతాడు.

ఇంత గంభీరమైన వాక్కు వచనంగా మిగిలిపోవడం అన్యాయమని తోచి, అటువంటి పాతకాపులందరికీ కోచ్చూడామణి అని ఒకే బిరుదు ఇచ్చి, వారి సారాన్ని నేనే ఒక ఆటవెలదిలో పెట్టాను. పద్యం పుట్టాక వ్యాఖ్య తప్పదు. మన మెదక్ సీమ కొల్చారం వాడైన కోలాచల మల్లినాథసూరి, కాళిదాసు కావ్యాలకు సంజీవని రాస్తూ రెండు నియమాలు పెట్టుకున్నాడు. ఆధారం లేనిది రాయడు, అక్కర లేనిది చెప్పడు. రెండో నియమం పాటిస్తే ఈ వ్యాఖ్య ఇక్కడే ముగుస్తుంది. కనుక మొదటిది మాత్రమే పాటిస్తున్నాం.

మూలము

చేరువూరివాని చేరదీయగవలె
దూరవాసివలన దుడ్డు కరగు
ఓర్పు కలిగినట్టి యొజ్జకే గెలుపగు
అదియు సమయ మరసి యాడవలయు

ప్రతిపదార్థము

స్పష్టము. (కష్టమైన చోట "స్పష్టము" అని దాటిపోయి, తేలికైన చోట నాలుగు పుటలు నింపడం వ్యాఖ్యాతల కులాచారం. దాన్ని మీరే ధైర్యం మాకు లేదు.)

ఛందస్సు

మూడవ పాదమున ఓకారమునకు "యొజ్జకే" అనుచోట యడాగమము చాటున దాగిన ఒకారముతో స్వరయతి చెల్లినది. దీనిని ఆక్షేపించువారు ముందు అప్పకవీయము తిరగవేసి రావలెను. తిరగవేసి వచ్చుసరికి రిక్రూటింగ్ గడువు ముగియును గనుక వారివలన మాకు భయము లేదు.

గురుపరంపర

శాస్త్రమన్నాక గురుపరంపర చెప్పాలి. 1891 డిసెంబరులో మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు, చలికాలంలో కుర్రాళ్ళు నాలుగు గోడల మధ్య ఆడుకోవడానికని, వ్యాయామశాలలో పైవరస వసారాకు పీచ్ పళ్ళ బుట్టలు రెండు కొట్టించి, 13 నియమాలు రాసి ఈ ఆటను పుట్టించాడు. ఆ వసారా 10 అడుగుల ఎత్తున ఉండటం వల్ల బుట్ట ఈనాటికీ 10 అడుగుల ఎత్తునే ఉంది. ఆయన తర్వాత కాన్సాస్ విశ్వవిద్యాలయంలో ఆయన శిష్యుడు ఫాగ్ ఆలెన్. ఆలెన్ దగ్గర ఆడినవాళ్ళు అడాల్ఫ్ రప్, డీన్ స్మిత్. స్మిత్ దగ్గర ఆడినవాడు మైకేల్ జోర్డాన్. పీఠాధిపతుల వరుస ఇంత శుభ్రంగా ఉన్న మఠాలు మన దేశంలోనూ తక్కువే.

మన ఆట తయారుచేసినవాళ్ళు ఈ పరంపరను మన్నించి, తమ ఆటను 10 లోకాలుగా విభజించి, నైస్మిత్, ఆలెన్, రప్, స్మిత్, వుడెన్ వంటి కోచ్‌ల పేర్లు వాటికి పెట్టారు. పురాణాల్లో భువనాలు 14 గనుక ఇంకో నాలుగింటికి చోటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. పరంపరకు మూలపురుషుడైన నైస్మిత్ 1898 నుంచి 1907 వరకు కాన్సాస్ కోచ్‌గా గెలిచినవి 55, ఓడినవి 60. ఆ విశ్వవిద్యాలయపు కోచ్‌లలో గెలుపుల కంటే ఓటములు ఎక్కువగా ఉన్నది ఆయన ఒక్కడికే. శిష్యుడు ఆలెన్ కోచ్ ఉద్యోగానికి బయలుదేరితే, ఈ ఆటకు కోచింగ్ ఏమిటయ్యా, ఆడుకోవడమే కదా అని ఆయన అన్నాడని చెప్పుకుంటారు. ఆటను కనిపెట్టినవాడేమో శాస్త్రం అక్కర్లేదన్నాడు. బంతి బరువెంతో తెలియని మన చూడామణులేమో శాస్త్రం లేకుండా నోరు తెరవరు.

ప్రథమ పాదము

కోచ్ కుర్రాడి ఇంటికి వెళ్ళి తల్లిదండ్రులతో మాట్లాడటం హోమ్ విజిట్. కుర్రాణ్ణి కళాశాలకు పిలిపించి చూపించడం క్యాంపస్ విజిట్. ఈ రెండింటి ఖర్చూ దూరాన్ని బట్టి పెరుగుతుంది. అందువలన చేరువూరివాణ్ణి చేరదీయమనడం. ఉదాహరణము స్టెఫెన్ కరీ. నార్త్ కరొలైనాలోని షార్లట్‌లో చదివిన బక్కపల్చని కుర్రాడు. తండ్రి డెల్ కరీ వర్జీనియా టెక్‌లో ఆడి, వృత్తి ఆటగాళ్ళ లీగైన ఎన్.బి.ఏ.కు వెళ్ళినవాడు. ఆ వర్జీనియా టెక్ కొడుక్కు స్కాలర్‌షిప్పు ఇవ్వలేదు. వాక్ ఆన్‌గా చేరమంది. ఫీజు నువ్వే కట్టుకో, జట్టులో చోటు సంగతి తర్వాత చూద్దాం అని దాని అర్థం. షార్లట్‌కు కూతవేటు దూరంలో ఉన్న డేవిడ్సన్ అనే చిన్న కళాశాల కోచ్ బాబ్ మెకిలప్ అతణ్ణి చేరదీశాడు. 2008లో డేవిడ్సన్ జాతీయ పోటీలో చివరి ఎనిమిది జట్లలో ఒకటిగా నిలిచింది. ఆ కుర్రాడు తర్వాత మూడు పాయింట్ల బుట్టలు వేయడంలో ఎన్.బి.ఏ. చరిత్రలో అందరినీ దాటిపోయాడు. కాబట్టి ప్రథమ పాదము ప్రమాణము.

ద్వితీయ పాదము

శంక: అట్లయిన లూ ఆల్సిండర్ మాటేమి? అతడు న్యూయార్క్ వాడు. 1965లో దేశానికి ఆ చివరనున్న లాస్ ఏంజెలెస్‌కు, జాన్ వుడెన్ దగ్గరికి వెళ్ళాడు. దుడ్డు కరిగినదా? 1967, 68, 69 వరుసగా మూడేళ్ళు ఆ జట్టుదే జాతీయ విజయం. ఆ కుర్రాడే తర్వాత కరీం అబ్దుల్ జబ్బార్ అయ్యాడు. పోనీ హకీం ఒలాజువాన్ మాటేమి? లాగోస్ నుంచి సముద్రం దాటి 1980లో హ్యూస్టన్ చేరితే, విమానాశ్రయానికి ఎదురు వచ్చినవాడే లేడు. టాక్సీ ఎక్కి రమ్మన్నారు. అంత దూరవాసి కోసం కోచ్ గారి కారుకు పెట్రోలు కూడా కరగలేదు. 1982 నుంచి 84 వరకు ఆ జట్టు మూడేళ్ళూ జాతీయ పోటీలో చివరి నాలుగు జట్లలో ఉంది.

సమాధానము: మూలాన్ని కాపాడటం వ్యాఖ్యాత ధర్మం. ఇచ్చట "దూరవాసి" అనగా దూరమున నుండి, తర్వాత గొప్పవాడు కానివాడు అని లక్షణావృత్తిచేత గ్రహింపవలెను. గొప్పవాడగునో కాదో ముందుగా నెట్లు తెలియునని అడుగువారికి నాలుగవ పాదము చూపవలెను. అందుకే కవి దానిని పెట్టినాడు.

మరియొక శంక: అమెరికాలో మూడవ అంచెయైన డివిజన్ త్రీ కళాశాలలు ఆటకు స్కాలర్‌షిప్పులు ఇవ్వవు గదా, మన ఆటలో డివిజన్ త్రీ కోచ్ వాటిని పంచిపెట్టుట ఎట్లు? సమాధానము: ఇది కవిసమయము. చకోరము వెన్నెల త్రాగునా అని ఎవ్వరును అడుగలేదు.

దుడ్డు కరిగే మార్గం ఇంకొకటి ఉంది. స్కౌటింగ్. కుర్రాడి వేగమెంత, రీబౌండింగ్ ఎంత, ముందు ముందు ఎంత ఎదుగుతాడు అనేవి మొదట మూసి ఉంటాయి. డబ్బు పోసిన కొద్దీ తెర తొలగుతుంది. ఇది మనకు కొత్త కాదు. 1909లో మైసూరులో శ్యామశాస్త్రి అచ్చువేసిన కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కాపటికుడు, ఉదాస్థితుడు, గృహపతికుడు, వైదేహకుడు, తాపసుడు, సత్రి, తీక్ష్ణుడు, రసదుడు, భిక్షుకి అని తొమ్మిది రకాల చారులున్నారు. ఎవరి మాట ఎంత నమ్మాలో కూడా కౌటిల్యుడు చెప్పాడు. ముగ్గురు చెప్పింది ఒక్కటైతేనే నమ్మాలట. చూశారా, మూడు! అంకె! సందర్భాన్ని బట్టి నమ్మమని ఆయన చాణక్యుడై ఉండి కూడా అనలేదు.

తృతీయ పాదము

ఓర్పు. ఇది ఎట్టిదో తెలియాలంటే నలుడి కథలోకి వెళ్ళాలి. తెలుగులో రిక్రూటింగ్ మీద శ్రీనాథుడి శృంగార నైషధాన్ని మించిన గ్రంథం లేదు. దాన్ని ఈ దృష్టితో ఎవరూ చదవకపోవడం మన విమర్శ దౌర్భాగ్యం.

నిషధ దేశంలో నలుడు. విదర్భలో దమయంతి. మధ్యలో చాలా దూరం, అంటే ఖర్చెక్కువ. నలుడు ఏం చేశాడు? బంగారు రెక్కల హంసను పట్టుకొని, దాని మొర విని వదిలేశాడు. ఆ హంస కృతజ్ఞతతో కుండినపురానికి ఎగిరిపోయి, దమయంతి చెవిలో నలుడి గుణగణాలు వర్ణించింది. దీనికన్నా చవకైన అసిస్టెంట్ కోచ్ ఎక్కడ దొరుకుతాడు? జీతం లేదు, భత్యం లేదు, విమానం టికెట్టు అసలే లేదు.

ఇంతలో స్వయంవరం. ఇంద్రుడు, అగ్ని, యముడు, వరుణుడు కూడా బయలుదేరారు. నలుగురూ దారిలో నలుణ్ణే పట్టుకొని, మా తరఫున నువ్వే వెళ్ళి ఆమెకు చెప్పిరా అన్నారు. వీడు మాట ఇచ్చాడు గనుక వెళ్ళాడు. దేవతల వరంతో ఎవరికీ కనబడకుండా అంతఃపురంలోకి నడిచి, తన గుండె తనను పొడుస్తుండగా, ప్రత్యర్థుల గొప్పతనం నిజాయితీగా చెప్పాడు. ఎదుటి కళాశాలల తరఫున హోమ్ విజిట్ చేసిన కోచ్ నాకు తెలిసి ఇతడొక్కడే. ఆ ఘట్టంలో దమయంతి కన్నీళ్ళు చూసి నలుడు తానెవరో బయటపడే చోటుంది చూశారూ, అక్కడ సంస్కృత మూలం రాసిన శ్రీహర్షుడికీ తెలుగులో శ్రీనాథుడికీ ఎవరి పాలు ఎంతో తేల్చుకోవడానికే ఒక పూట పడుతుంది. తేల్చుకోకపోయినా ఆ పూట దండగ కాదు.

సరే, స్వయంవర మండపంలో ఐదుగురు నలులు. నలుగురు దేవతలూ వాడి రూపమే ధరించి కూర్చున్నారు. సరస్వతి ఒక్కొక్కరినీ వర్ణిస్తోంది. ఏ వర్ణన విన్నా అటు దేవుడికీ అతుకుతుంది, ఇటు నలుడికీ అతుకుతుంది. దీన్నే పంచనలీయం అంటారు. "మా కళాశాలలో కుటుంబ వాతావరణం ఉంటుంది, మా అబ్బాయిలను మేము మనుషులుగా తీర్చిదిద్దుతాం" అనే వాక్యం కూడా ఆ శైలిదే. ఎవరి నోట విన్నా అందరికీ చెల్లుతుంది. దమయంతి పాపం ఏం చేయగలదు? దేవతలనే వేడుకుంది. వాళ్ళు కరుణించి తమ గుర్తులు చూపారు. దేవతలకు చెమట పట్టదు, రెప్ప పడదు, పూదండ వాడదు, కాలు నేలకు ఆనదు. నలుడికి నీడ ఉంది, చెమట ఉంది, దుమ్ము ఉంది, వాడిన దండ ఉంది. ఆమె చెమట పట్టినవాడి మెడలో దండ వేసింది.

మన ఆటలోనూ ఇలాంటి అనిమిషులున్నారు. మనిషి కోచ్ దొరకని జట్లను కంప్యూటరే నడుపుతుంది. ఆటగాళ్ళు దాన్ని సిమ్ ఏఐ అంటారు. దానికి నిద్ర లేదు, దిగులు లేదు. మనిషి కోచ్‌కు మాత్రం అప్పులున్నాయి, ఆశలున్నాయి, రిక్రూటింగ్ గడువుకు లేవడానికి అలారం ఉంది. కుర్రాడు దమయంతి అంతటి వివేకం చూపుతాడా అంటే, వాడు ఉన్నదే సంఖ్యల్లో.

శ్రీహర్షుడు జూదం దాకా రాలేదు. మిగిలిన కథ భారతం అరణ్యపర్వంలో ఉంది. దండ పడ్డాక, తిరిగి వెళ్ళే దేవతలకు దారిలో ఎదురైన కలి, తాను ఆలస్యంగా వచ్చినందుకు నలుడి మీద పగబట్టి, అదను చూసి అతడి ఒంట్లో దూరాడు. పాచికల్లో రాజ్యం పోయింది, అడవిలో భార్య పోయింది, రూపం పోయింది. నలుడు బాహుకుడై అయోధ్యలో ఋతుపర్ణుడి రథం తోలుకుంటున్నాడు. ఒకనాడు దారిలో ఋతుపర్ణుడు ఒక తాండ్ర చెట్టును చూసి, దాని ఆకులెన్నో కాయలెన్నో లెక్క చెప్పాడు. బాహుకుడు నమ్మలేదు. రథం ఆపి, చెట్టు పడగొట్టి, లెక్కపెట్టి చూశాడు. సరిపోయింది. ఋతుపర్ణుడు కోపగించుకోలేదు, అనుభవజ్ఞుణ్ణి ప్రశ్నిస్తావా అనలేదు. పాచికల రహస్యమైన అక్షహృదయాన్ని అతడికి నేర్పాడు. బదులుగా అశ్వహృదయం నేర్పిస్తానన్న మాట తీసుకున్నాడు. పాచికల మర్మం తెలిసిన ఆ క్షణాన కలి విషం కక్కుతూ నలుణ్ణి వదిలిపోయాడు.

ఓర్పు గురించి చెబుతున్నాం కదూ. ఓర్పు కథ చివరిదాకా ఉంది గానీ, కలిని వదిలించింది ఓర్పు కాదు, లెక్క.

మన ఆటలో ఆఖరి ఘట్టం పాచికలే. ఒక కుర్రాడి మనసులో రెండు మూడు కళాశాలలు దగ్గర దగ్గరగా నిలిస్తే, శ్రమ ఎక్కువ పెట్టినవాడికి మొగ్గు ఉంటుంది గానీ హామీ ఉండదు. కంప్యూటర్ పాచిక వేస్తుంది. నూటికి 70 పాళ్ళు తనవైపు ఉన్న కోచ్ ఓడిపోవచ్చు, 30 పాళ్ళవాడికి కుర్రాడు దక్కవచ్చు. ఇందులో అన్యాయం ఏమీ లేదు. అన్యాయమంతా తర్వాత మొదలవుతుంది. గెలిచిన 30 పాళ్ళవాడు మర్నాడే "ఓర్పు పట్టాను" అని వ్యూహగ్రంథం రాస్తాడు. ఓడిన 70 పాళ్ళవాడు ఏమీ రాయడు. కనుక మనకు దొరికే శాస్త్రమంతా పాచిక పడినవాళ్ళ శాస్త్రం.

పైగా ఓర్పు అందరికీ ఒకటే ధరకు దొరకదు. ప్రతి కళాశాలకూ ప్రెస్టీజ్ అని ఒక మెట్టు ఉంటుంది. ఏ ప్లస్ మెట్టు మీద కూర్చున్న చూడామణి గడువు చివరిదాకా ఆగినా, వాడి పేరు విని కుర్రాళ్ళు మొగ్గుతారు. డివిజన్ త్రీలో నిన్న అడుగుపెట్టినవాడు అంతసేపు ఆగితే, చేతికి దొరకవలసినవాళ్ళు కూడా వేరే చోట సంతకాలు పెట్టేస్తారు. కడుపు నిండినవాడు ఉపవాస మహిమ చెప్పినట్టు, పైమెట్టు వాడు ఓర్పు మహిమ చెబుతాడు. ఆ మెట్టు మాట మాత్రం చెప్పడు.

కుర్రాడికి ఇచ్చే మాట సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆటలో "నిన్ను మొదటి ఐదుగురిలో ఆడిస్తాను" అని ప్రమాణం చేసి తప్పితే, వాడు అలిగి జట్టు మారిపోతాడు. ఈ ఒక్క విషయంలో ఆట లోకం కన్నా ధర్మంగా ఉంది. 2021లో నియమం సడలించేదాకా, నిజం బాస్కెట్‌బాల్‌లో కళాశాల మారిన కుర్రాడు సాధారణంగా ఒక ఏడాది బెంచీ మీద కూర్చోవలసి వచ్చేది. మాట ఇచ్చిన కోచ్ మాత్రం పెద్ద జీతం వస్తే మర్నాడే ఊరు మారవచ్చు. దీని మీద ఓర్పు గురించి చెప్పినంత గట్టిగా చెప్పిన చూడామణి నాకు కనబడలేదు.

చతుర్థ పాదము

ఇదే ఈ పద్యానికి ప్రాణం. మొదటి మూడు పాదాల్లో కవి ఏమి చెప్పెనో, దానినంతయు ఈ పాదమున వెనుకకు పుచ్చుకొనెను. దగ్గరివాణ్ణి చేరదీసి చెడితే, సందర్భం చూసుకోలేదు. దూరపువాడి కోసం పోయి బాగుపడితే, సందర్భం చూసుకున్నాడు. ఓర్చి గెలిస్తే సూత్రం గొప్పది, ఓర్చి ఓడితే శిష్యుడు మూఢుడు. ఏ వైపు నుంచి బాణం వేసినా ఈ కవచానికి తగలదు. తప్పు కావడానికి వీల్లేని ఉపదేశం ఒప్పు కావడానికీ వీల్లేదని మా విన్నపం. సందర్భం ముఖ్యం కాదని అనడం లేదు. ఏ సందర్భంలో ఎంత అని చెప్పడమే ఉపదేశం. అది చెప్పలేనప్పుడు మౌనం కూడా ఒక శాస్త్రమే, దక్షిణామూర్తి సాక్షి.

అలంకారము

ఆక్షేపము. తాను చెప్పినదానిని తానే విచారించి నిషేధించుట దీని లక్షణము. ఆలంకారికులు దీనికి ప్రేయసీప్రియుల మాటలు ఉదాహరణలుగా ఇచ్చారు. రిక్రూటింగ్ ఉపదేశం వారి కాలంలో లేదు.

తాత్పర్యము

చేరువైనవాణ్ణి తీసుకుంటే ఖర్చు తగ్గుతుంది, ఇది లెక్కకు నిలుస్తుంది. దూరపువాడు ఒక్కొక్కసారి పదింతలు తిరిగి ఇస్తాడు, ఇదీ లెక్కకు నిలుస్తుంది. మిగిలింది పాచిక, దానిపైన ప్రెస్టీజ్. ఈ మూడు వాక్యాలు చెప్పడానికి బిరుదులు అక్కర్లేదు. కాబట్టి చూడామణులకు ఒక మనవి. ఇకమీదట వ్యూహం చెప్పదలిస్తే మూడు సంగతులు ముందు పెట్టండి: ఆనాడు మీ కళాశాల మెట్టు ఏది, ఒక్కొక్క కుర్రాడి మీద ఎంత పోశారు, దక్కినవాళ్ళతో పాటు చేజారినవాళ్ళు ఎందరు. కొత్తవాడు చెట్టు పడగొట్టి లెక్కపెట్టుకుంటాడు. సరిపోతే దండం పెడతాడు. ఆ మూడూ చెప్పని ఉపదేశాన్ని వినవలసిన పని కొత్తవాడికి లేదు.